కళ్ళు తెరవని పటం

అనగనగా, మీ తాతల తాతలకు ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల్లో, ఏడువాగుల సీమ అని ఓ చిన్న దేశం ఉండేది. ఏడు వాగులు, వాగుకో ఊరు, అంతే దేశం. నోట్లో వేసుకున్న తాంబూలం పండేలోపు సరిహద్దు వచ్చేస్తుందని పక్క రాజ్యాల వాళ్ళు ఎగతాళి చేసేవారు.

ఆ సీమను ఏలే ముసలి రాజు బిడ్డలు లేకుండానే కన్నుమూశాడు. పెద్దకర్మ కూడా కాకముందే మూడు పక్క రాజ్యాల నుంచి ముగ్గురు దూతలు దిగారు. ముగ్గురిదీ ఒకటే మాట.

"మీకు రాజు లేడు. మా రాజును పిలుచుకోండి."

ఆ ముగ్గురు రాజులకూ ఒకరంటే ఒకరికి పడదు. అందుకని తమలో తాము ఓ ఒప్పందం చేసుకున్నారు. సీమ ప్రజలు ఎవరిని పిలిస్తే సీమ వారిది. పిలవకుండా ఎవరు అడుగుపెట్టినా మిగతా ఇద్దరూ కలిసి వాడి మీద పడాలి.

ముగ్గురూ దుర్మార్గులే. ఆ సంగతి సీమలో అందరికీ తెలుసు. ఒకడు చండకేతుడు, ఒకడు మధురవర్మ, ఒకడు క్షేమంకరుడు. పేర్లు చూసి మోసపోకండి పిల్లలూ. పేరు పుట్టినప్పుడు పెడతారు, బుద్ధి తర్వాత కదా బయటపడేది.

ఏడూళ్ళ పెద్దలు కూర్చుని మూడు రోజులు తర్జనభర్జన పడ్డారు. అంత తెలివైనవాళ్ళూ ఒక పొరపాటు చేశారు. అసలు వీళ్ళలో ఎవరినైనా పిలవాలా అని ఒక్కరూ అడగలేదు. ముగ్గురిలో ఎవడు కాస్త నయం అనే అడిగారు. అది తేల్చి రమ్మని సూరమ్మకు కబురు పెట్టారు.

సూరమ్మ పటాలు వేసే మనిషి. నూలుగుడ్డకు చింతగింజల జిగురూ సుద్దా పట్టించి, ఆరబెట్టి, ఎర్రరంగు పూసి, ఉడుత వెంట్రుకల కుంచెతో దాని మీద కథలు గీసేది. గడికో ఘట్టం చొప్పున పటం పొడుగునా కథ నడిచేది. ఒళ్ళూ బట్టలూ నగలూ అన్నీ అయ్యాక, అన్నిటికన్నా చివర కళ్ళు వేసేది. దాన్ని కళ్ళు తెరవడం అనేవారు. వాళ్ళింటి నియమం ఒకటుంది. మనిషిని దగ్గరగా చూసి, ఆ చూపులో ఏముందో తెలిసాకే కళ్ళు తెరవాలి. తెరిచాక దిద్దకూడదు. నలభై ఏళ్ళలో సూరమ్మ ఒక్క అబద్ధపు కన్ను వేయలేదు. అందుకే సీమలో పెద్ద తగవులన్నీ ఆమె పటం చూసి తీర్చుకునేవారు.

"సూరమ్మా, మూడు రాజ్యాలూ చూసి రా. రాజునూ ప్రజలనూ ఉన్నదున్నట్టు పటంలో వేసి తీసుకురా. నీ పటం ఎవరు నయమంటే వారినే పిలుస్తాం" అన్నాడు పెద్దలలో పెద్దవాడు బుచ్చన్న.

సూరమ్మ ఒక అడుగు ముందుకొచ్చింది. 

"పెద్దయ్యా, నా మనసులో మాట ముందే చెబుతాను. నా కూతురు నాంచారిని ఎనిమిదేళ్ళ కింద క్షేమంకరుడి రాజ్యంలో ఇచ్చాను. ఆ మరుసటేడే ఆయన సరిహద్దు మూసేశాడు. అప్పటి నుంచి దాని కబురు లేదు. మీరు ఆయన్ని పిలిస్తే సరిహద్దు పోతుంది, నా బిడ్డ నాకు దక్కుతుంది. ఆయనే మంచివాడు కావాలని నాకు ఉంది. ఇంత ఆశ పెట్టుకున్నదాన్ని పంపడం మీకు సమ్మతమేనా?"

"ఈ మాట చెప్పావు గనుకే నిన్ను పంపుతున్నాం" అన్నాడు బుచ్చన్న.

సూరమ్మ గుడ్డచుట్టా రంగుల చిప్పలూ మూటగట్టుకుని బయలుదేరింది.

మొదట చండకేతుడి రాజ్యం వచ్చింది. కోటగుమ్మం ముందు కొరడాలు వేలాడుతున్నాయి, వాటి కింద నుంచే జనం రాకపోకలు. రాజు గుర్రం దిగకుండానే సూరమ్మను పలకరించాడు.

"నా కళ్ళు ఎలా వేస్తావు?"

"ఉన్నవి ఉన్నట్టు వేస్తాను ప్రభూ."

"ఇంకా పెద్దవిగా వెయ్యి. చూసినవాడికి చెమటలు పట్టాలి. భయం ఉన్నచోట వేరే చట్టం అక్కర్లేదు. మీవాళ్ళకు చెప్పు, నాకన్నా సులువుగా అర్థమయ్యే రాజు దొరకడు."

అది నిజమే. చండకేతుడిలో దాచిందేమీ లేదు. వీపులు వాచిన మనుషులు వీధుల్లో తల వంచుకుని నడిచేవారు. కానీ సూరమ్మ బస చేసిన ఇంట్లో ఒక ముసలావిడ, తిరగలి మోత చాటున, రాజును ఏడు తరాలు తిడుతూ జొన్నలు విసిరేది. కోడలు కిసుక్కున నవ్వేది. ఆ నవ్వు విని సూరమ్మ ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ చూపులో పైన భయం, కింద కోపం. ఆ రెండూ తెలిసాయి గనుక వాళ్ళ కళ్ళు తెరవగలిగింది.

రెండోది మధురవర్మ రాజ్యం. అక్కడ కొరడా లేదు. రాజు ఎదురొచ్చి, సూరమ్మ నోట్లో తన చేత్తో అరిసె ముక్క పెట్టాడు.

"పిల్లలు పొగలో మగ్గుతుంటే కన్నతండ్రి చూస్తూ ఊరుకుంటాడా తల్లీ? అందుకే ఇంటింటి పొయ్యీ తీయించేశాను. అందరికీ నా కోటలోనే వంట. గంట కొడితే వచ్చి తినడమే వాళ్ళ పని."

సూరమ్మ వీధులన్నీ తిరిగింది. నిజంగానే ఒక్క ఇంట్లోనూ పొయ్యి లేదు. రాజు పొలాలు తప్ప మిగతావన్నీ తుంగ మొలిచి పడున్నాయి. మగ్గాల మీద సాలెగూళ్ళు. జనం బొద్దుగా, బాగానే ఉన్నారు. అయితే మాట్లాడుతున్నంతసేపూ వాళ్ళ చూపు కోట వైపే ఉండేది. ఒక వీధిలో ఓ ఇంటివాళ్ళు, భోజనాల వేళ రాజు పాడే పాటకు చప్పట్లు కొట్టలేదట. ఆ పూట ఆ వీధికి గంట కొట్టలేదు. కొట్టలేదని ఎవరూ కోపగించుకోలేదు. చప్పట్లు కొట్టని ఇంటివాళ్ళను పట్టుకుని ఇరుగుపొరుగు వాళ్ళే చితకబాదారు.

ఆ సాయంత్రం ఓ తల్లి సూరమ్మ దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది.

"అమ్మా, నిప్పు ఎలా రాజేస్తారు? మా అమ్మకు వచ్చు. నేను అడగకముందే పోయింది."

సూరమ్మ ఆమెకు నిప్పు రాజేయడం నేర్పింది. ఆ తల్లి కళ్ళూ, గంట కోసం చూసే కళ్ళూ, అన్నీ పటంలో తెరిచింది.

మూడోది క్షేమంకరుడి రాజ్యం. పటం వేసే మనిషని, మూసిన సరిహద్దును సూరమ్మ ఒక్కదానికే తెరిచారు. చుట్టూ చూసేకొద్దీ ఆశ పెరిగింది. అద్దంలాంటి బాటలు, నిండిన గాదెలు. దొంగల భయం లేదు, ఆకలి లేదు. ఒక్క వీపు మీదా కొరడా వాత కనిపించలేదు. రాజు ముతకపంచె కట్టుకుని చాప మీద కూర్చున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు, మజ్జిగ ఇప్పించాడు.

"మీకు ఇక్కడ కూతురుంది కదమ్మా. వెళ్ళి చూడండి. ఆమె ఇల్లు మా రాజ్యానికి ఆదర్శం" అన్నాడు.

సూరమ్మ పరుగులాంటి నడకతో వెళ్ళింది. గుమ్మంలో నాంచారి కనిపించింది. చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని రంగు చిప్పలు పట్టుకున్న పిల్ల, ముక్కు మీద ఎప్పుడూ ఇంత ఎరుపు అంటించుకునే పిల్ల. సూరమ్మ వెళ్ళి కౌగిలించుకుంది. నాంచారి చేతులు లేవలేదు.

"కాళ్ళు కడుక్కో అమ్మా. అన్నం వడ్డిస్తాను."

సూరమ్మ తింటూ ఏడ్చింది, ఏడుస్తూ తింది. ఎదురుగా ఆరేళ్ళ మనవరాలు బుద్ధిగా కూర్చుని ఆమెనే చూస్తోంది.

"అమ్మమ్మ రెండుసార్లు ఏడ్చింది. వారం సభలో నేను చెప్పనా, నువ్వు చెబుతావా?" అని ఆ పిల్ల తల్లిని అడిగింది.

"నువ్వే చెప్పమ్మా" అంది నాంచారి.

సూరమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. అప్పుడు అడిగింది.

"అల్లుడు ఏడే?"

"రాతి గనులకు పంపారు. మూడేళ్ళయింది. రాజుగారు చెప్పిన పంట మన నేలకు పనికిరాదని ఆయన ఇంట్లో నాతో అన్నారు. సభలో చెప్పాలి కదా. నేనే చెప్పాను." నాంచారి ఇంకో గరిటె అన్నం వడ్డించింది. "అందుకే మాది ఆదర్శమైన ఇల్లు అన్నారు."

అదీ క్షేమంకరుడి పద్ధతి. ఆయన ఎవరినీ కొట్టడు. వారానికోసారి ప్రతి ఇంటివాళ్ళూ సభకు వచ్చి తమవాళ్ళ తప్పులు తామే చెప్పాలి. చెప్పినవాళ్ళకు పూలదండ. భటులు అక్కర్లేని రాజ్యం అది. ఆ పొద్దు సూరమ్మ ఊరంతా తిరిగి ముఖాలు గీసింది. ఎంతమందిని చూసినా వాళ్ళ చూపులో ఏముందో ఆమెకు తెలియలేదు. చండకేతుడి జనానికి తిరగలి చాటైనా ఉంది. వీళ్ళకు కన్నబిడ్డ చాటు కూడా లేదు.

మర్నాడు రాజు ఆమెను మళ్ళీ పిలిచాడు.

"మీ పటం నన్ను పిలవమంటే మీ కూతురింట్లోనే మీకు చోటు. కాదంటే ఈ సరిహద్దు మీకు ఇక తెరుచుకోదు. బెదిరించడం లేదమ్మా. ఉన్నమాట చెబుతున్నాను."

నాంచారి కూతురి చెయ్యి పట్టుకుని సరిహద్దు రాయి దాకా వచ్చింది. తల్లి మూటను తనే సర్ది ఆమె నెత్తికెత్తింది. పిల్ల వింటూ ఉండగా, స్పష్టంగా చెప్పింది.

"ఇక రావద్దమ్మా."

సీమలోకి వచ్చి మూట విప్పితే, రంగు చిప్పల మధ్య ఒక పాత కుంచె కనిపించింది. ఉడుత వెంట్రుకలు అరిగిపోయిన బుల్లి కుంచె. నాంచారికి ఏడో ఏట సూరమ్మ తన చేత్తో కట్టిచ్చింది. బొమ్మ చూసి తలో మాట అనుకుంటారని క్షేమంకరుడు తన రాజ్యంలో కుంచెలన్నీ ఎప్పుడో తగలబెట్టించాడు. ఇదొక్కటి మిగిలింది. ఎనిమిదేళ్ళలో నాంచారి సభకు చెప్పకుండా దాచుకున్న సంగతి ఇదొక్కటే. భర్తను దాచలేకపోయింది, కుంచెను దాచింది. నిజం గీయమని తల్లికి దాన్ని పంపింది. సూరమ్మ ఆ కుంచెను గుండెకు హత్తుకుని, వాగొడ్డున కూలబడి, కడుపులో ఉన్నదంతా ఏడ్చింది. అక్కడ ఏడిస్తే అడిగేవారు లేరు.

ఏడూళ్ళ జనం ముందు పటం విప్పారు. మొదటి గడులు చూసి జనం వణికారు. తర్వాతి గడులు చూసి తలలు దించుకున్నారు. చివరి గడుల దగ్గరకు జరిగి తేరిపార చూశారు. రంగులు అన్ని గడులకన్నా అక్కడే బాగా కుదిరాయి. బాటలు, గాదెలు, పూలదండలు అన్నీ ఉన్నాయి. మనుషుల ముఖాల్లో మాత్రం కళ్ళు లేవు.

"సూరమ్మా, ఇది పూర్తి కాలేదు" అన్నాడు బుచ్చన్న.

"పూర్తయింది పెద్దయ్యా. చండకేతుడు వీపును ఏలుతున్నాడు. మధురవర్మ పొట్టను ఏలుతున్నాడు. క్షేమంకరుడు ఒకరి చూపుతో ఇంకొకరిని ఏలుతున్నాడు. అక్కడ ఎవరి చూపూ వాళ్ళది కాదు. నేను ఎవరి కళ్ళని వేయను?"

"మరి నీ కూతురేది?"

పటంలో ఒక ఇంటి గుమ్మంలో చిన్నపిల్ల ఒక్కతే నిలబడి ఉంది. పక్కన ఒక మనిషి పట్టేంత జాగా ఎర్రగా ఖాళీగా ఉంది.

"దాన్ని వేయలేదు" అంది సూరమ్మ.

అంతకుమించి చెప్పలేదు. వేస్తే కళ్ళు తెరవాలి, కుంచె దొరికాక ఆ చూపు ఆమెకు తెలుసు గనుక. తెరిస్తే, నాంచారి సభకు చెప్పకుండా ఏదో దాచిందన్న మాట సరిహద్దు దాటుతుంది, బిడ్డ ప్రాణాల మీదకొస్తుంది.

బుచ్చన్న ఆ ఖాళీ జాగా మీద చెయ్యి పెట్టాడు.

"తప్పు మాదేనమ్మా. ఎవడు నయమని నిన్ను అడిగాం. వాగు నీళ్ళు ఏడూళ్ళకూ వంతులు వేసుకుని ఇన్నాళ్ళూ తగువు లేకుండా పెట్టుకున్నాం. పెత్తనానికి మాత్రం వంతు ఎందుకు పనికిరాదు? ఏడాదికో ఊరు ఏలుతుంది. ఎవరినీ పిలవం."

అలాగే చేశారు. పిలుపు లేదు గనుక ముగ్గురు రాజులూ ఒకరినొకరు కాపలా కాస్తూ ఎక్కడివాళ్ళు అక్కడే ఆగిపోయారు. ఏడువాగుల సీమ నిలబడింది. క్షేమంకరుడు మాత్రం అన్నమాట నిలబెట్టుకున్నాడు. సరిహద్దు మీద నిలువెత్తు గోడ కట్టించాడు.

సూరమ్మ ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికింది. నాంచారిని మళ్ళీ చూడలేదు. ఏటా వంతు మారే రోజున ఆ పటం విప్పి, కొత్తగా పెత్తనం తీసుకునేవాళ్ళను దాని ముందు నిలబెట్టేవారు. ఆ రోజు సూరమ్మ అరిగిన కుంచె పట్టుకుని ఖాళీ జాగా ముందు కూర్చునేది. గోడ కూలిన కబురు వస్తే అప్పటికప్పుడు కూతుర్ని వేయాలని ఆమె ఆశ. ఆ కబురు రాలేదు. ఆమె పోయాక కుంచెను పటంలోనే చుట్టి పెట్టారు. ఆ జాగా ఇప్పటికీ అలాగే ఉందంటారు.

అందుకే పిల్లలూ, దుర్మార్గుల్లో ఎవడు నయమని వెతకకండి, ఏ దుర్మార్గుడినీ గడప లోపలికి పిలవకండి. ఆ నిజం మీకు తెలియడానికి ఎవరో ఒకరు కన్నబిడ్డను వదులుకుని ఉంటారని మాత్రం మరవకండి.