అరచేతి చాటు సూర్యుడు

ఒకప్పుడు ఆకాశం సూర్యుడి అంచుదాకా నీలంగానే ఉండేది. గాలిలో సన్నదుమ్ము ఎంత తిరుగుతున్నా ఎవరి కంటికీ ఆనేది కాదు.

సూర్యుడు తన కిరణాలకు పెట్టిన కట్టడి అలాంటిది. "ఇల్లు దాటారా, తిన్నగా నేల మీదికే పోవాలి. దారిలో ఎవరు తగిలినా పక్కకు తిరగకూడదు" అనేవాడు. బుద్ధిగల పిల్లలు కదా, అలాగే పోయేవి. దుమ్ముకు ఇంతకన్నా ఏం కావాలి? దొంగలకు చీకటి కావాలి గానీ, దానికి పట్టపగలు చాలు.

ఆ రోజుల్లో ఒక రాతిగుట్ట కింద సుంకులమ్మ అనే ఆవిడ సున్నం కాల్చి బతికేది. మొగుడు మద్దిలేటి ఆ గుట్టలో రాయి కొట్టి తెచ్చేవాడు. ఆమె దాన్ని బట్టీలో కాల్చి, పొడి చేసి, జల్లించి అమ్మేది. చుట్టుపక్కల ఊళ్ళలో తెల్లగా మెరిసే గోడలన్నీ ఆమె చలవే.

వాళ్ళకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది దగ్గి దగ్గి పోయిన ఏడు కన్నుమూసింది. ఇప్పుడు చిన్నది లింగి దగ్గుతోంది.

"పక్కూరోళ్ళ దిష్టి తగిలింది" అన్నాడు మద్దిలేటి. మిరపకాయలు దిగదుడిచారు. తాయెత్తు కట్టారు. దగ్గు మాత్రం కదల్లేదు.

సుంకులమ్మ గాలి మీద విరుచుకుపడింది. "నువ్వే గదా నా బిడ్డ గొంతులోకి ఏందో తెచ్చి పోస్తాండేది?"

"నేను కూలిదాన్నమ్మా. ఎవురు ఎత్తితే వాళ్ళ మూట మోస్తా" అంది గాలి. "ఆ మూట ఎవురిదో నాకేం తెల్సు? ఎలుగిచ్చే సూర్యున్నడుగు పో."

సుంకులమ్మ సూర్యుడికి మొక్కింది. "సామీ, నా బిడ్డను తినేది యాడ్నుంచొస్తాందో నాకు సూపియ్యి."

"అది దుమ్ము తల్లీ" అన్నాడు సూర్యుడు. "చూపించాలంటే నా పిల్లలు దాన్ని తాకి పక్కకు తిరగాలి. తిరిగినవాళ్ళు దారి తప్పుతారు. ఏ మూల పడతారో నాకే తెలియదు."

"నీకు లెక్కలేనంత మంది సామీ. నాకు ఒగతే మిగిలింది."

సూర్యుడు ఒక మబ్బు చాటుకు పోయాడు. ఏడ్చాడో ఏమో, చూసినవాళ్ళు లేరు. చాలాసేపటికి బయటికి వచ్చాడు.

"సరే. నన్ను సూటిగా చూడకు, కళ్ళు పోతాయి. అరచేతితో నన్ను పూర్తిగా మూసి, చేతి చుట్టూ చూడు. అక్కడ నీలం ఉంటే గాలి శుభ్రం. తెల్లగా ఉంటే దుమ్ము. తెలుపు ఎంత దూరం పరుచుకుంటే అంత దుమ్మన్నమాట. చూపిస్తానంతే తల్లీ, ఊడ్చడం నా వల్ల కాదు."

అరచెయ్యి అడ్డుపెట్టి సూర్యుణ్ణి ఆపలేరని పెద్దలంటారు. నిజమే. సుంకులమ్మ చెయ్యెత్తింది ఆపడానికి కాదు.

మర్నాడు దొంగను పట్టాలని బయల్దేరింది. ముందు పక్కూరికే పోయింది, అనుమానం వాళ్ళ మీదే కదా. కళ్ళంలో నిలబడి చెయ్యెత్తితే చేతి చుట్టూ తెలుపు కొంచెమే ఉంది. బండ్లబాటలో చూసింది, అక్కడా కొంచెమే. ఇంటివైపు తిరిగాక తెలుపు పెరగసాగింది. గుట్ట దగ్గరికొచ్చేసరికి వేళ్ళు దాటింది. తన బట్టీ ముందు నిలబడి చూస్తే నీలమన్నదే లేదు.

ఆ తెలుపులోంచి దుమ్ము పలికింది.

"వచ్చినావా అమ్మా? రాయిలో పండుకోనుంటి. కొడితిరి, కాలిస్తిరి, జల్లించి లేపితిరి. లేపినాక యాడికో ఒగచోటికి పోవాల గదా. నీ బిడ్డ నోరు తెరిచి నవ్వుతాంటే ఆడికి పోతి."

"పెద్దబిడ్డ గొంతులోకి గూడానా?" అంది సుంకులమ్మ.

"ఆ బిడ్డ గొంతులోకి గూడా."

ఏడాదిగా పక్కూరిని తిట్టిన నోరు సుంకులమ్మది. ఇప్పుడు ఎవరిని తిట్టాలో దానికి తెలియలేదు.

ఆ పూటే బట్టీలోంచి కట్టెలు లాగేసి మట్టి కప్పింది.

"తిండెట్లనే?" అన్నాడు మద్దిలేటి.

"పస్తుందాం. బిడ్డ ఊపిరి తీసుకోనీ."

లింగి బతికింది. కానీ మళ్ళీ పరిగెత్తలేదు. మిగతా పిల్లలు గుట్టెక్కుతుంటే కింద కూర్చుని చూసేది. సుంకులమ్మ బట్టీ ఆరితే ఏమైంది, గుట్టకు అవతల ఇంకో రెండు వెలిగాయి. గోడలు తెల్లగా ఉండాలి కదా మనకు. అందుకే ఆమె రోజూ పొద్దున అరచెయ్యెత్తి చూసి, నీలం కనబడితేనే లింగిని వాకిట్లోకి రానిచ్చేది. చాలా రోజులు ఆ పిల్ల గడప లోపలే ఉండిపోయేది.

అప్పటినుంచే, దుమ్ము రేగిన రోజున సూర్యుడి చుట్టూ ఆకాశం తెల్లగా పాలిపోయి ఉంటుంది. పెద్దవాన కడిగిన మర్నాడు మాత్రం అంచుదాకా నీలం. ఆ తెలుపంతా ఒక తల్లి కోసం దారి తప్పిన సూర్యుడి పిల్లలే. ఎవరు అరచెయ్యి అడ్డుపెట్టి చూసినా కనబడతారు. ఆ తెలుపు ఎక్కడిదని ఏ ఊళ్ళో అడిగినా, పక్కూరి దుమ్మనే చెబుతారు.