వీపు మీద నిలబెట్టిన పుస్తకం

నవనీతకు ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి. అమ్మమ్మల కాలంలో తెలుగు ఆడవాళ్లు ప్రేమ గురించి, కోరిక గురించి ఏమనుకున్నారో పరిశోధన చెయ్యాలని ఎంతో ఆశపడి ఏలూరు వచ్చింది. ఆ పాత గ్రంథాలయంలో వారం పాటు దుమ్ము మింగింది. ‘స్త్రీలు’ అని రాసివున్న అలమరాలో దొరికినవల్లా వ్రతకథలు, అల్లికల పుస్తకాలు, పతివ్రతల చరిత్రలు. ‘కామం’ అని అడిగితే గుమాస్తా తాళంచెవి వెతుక్కుని, ఒక పుస్తకం తెచ్చి, మొహం అటు తిప్పుకుని ఇచ్చాడు. తీరా చూస్తే రాసింది మగాయన.

దమయంతిగారు ఆ గ్రంథాలయంలోనే కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నవనీతకు పరిశోధన నేర్పిన గురువు ఆవిడే. రిటైరయ్యాక ఈ ఊళ్లోనే ఉంటున్నారు.

“అంశం మార్చేస్తానండీ మేడమ్,” అంది నవనీత. “సోమవారం చీరల ప్రకటనల మీద అని రాసిచ్చేస్తాను. వెతకడం చేతకాక కాదండీ. ఆ రోజుల్లో ఎవరూ నోరు విప్పలేదు, అంతే.”

దమయంతిగారు పేపరు మడిచారు.

“ఆడవాళ్ల మాసపత్రికలు ఏడాదివి ఏడాదికి కలిపి కుట్టించి పెట్టారు. అదుగో, ఆ మూల. ఒకటి పట్రా.”

“ఏ ఏడాదిదండీ?”

“నీ ఇష్టం.”

నవనీత దిమ్మలాంటి సంపుటం ఒకటి మోసుకొచ్చింది. దమయంతిగారు దాన్ని కుట్టున్న వైపు కిందికి వచ్చేలా వీపు మీద నిలబెట్టి, రెండు అట్టలూ రెండు చేతులతో పట్టుకుని, వదిలేశారు.

అది తనంతట తనే దబ్బున తెరుచుకుంది. జంతికలు చేసే విధానం. పేజీ నిండా నూనె మరకలు.

నవనీతకు అంత బాధలోనూ నవ్వొచ్చింది.

“అదీ ఆకలేగా,” అన్నారావిడ. “ఇంకోటి తే.”

రెండోదాన్నీ అలాగే నిలబెట్టి వదిలారు. ఈసారి డాక్టరమ్మ సలహాల పేజీ తెరుచుకుంది. అటూ ఇటూ పేజీలు పెళపెళలాడుతున్నాయి. ఈ ఒక్కదాని అంచు మాత్రం వేళ్లు తగిలి తగిలి నల్లబడి, పాత బట్టలా మెత్తబడిపోయింది.

“పైకి చదువు.”

“‘మా వారు మంచివారే. ఆయన నిద్రపోయాక నాకు నిద్ర పట్టదు. నాకు కావాలని నోరు తెరిచి అడిగితే తప్పా? ఇట్లు, ఒక సోదరి, తణుకు.’”

డాక్టరమ్మ రాత్రిపూట మజ్జిగ తాగమంది.

ఆ కింద ఇంకో ఉత్తరం. “‘నా స్నేహితురాలంటే నాకు ప్రాణం. ఆమె చెయ్యి పట్టుకున్నప్పటి సంతోషం, నన్ను చూడవచ్చిన ఏ పెళ్లికొడుకు దగ్గరా కలగడం లేదు.’”

దానికి జవాబు ఒక్క ముక్కే. పెళ్లయితే అదే సర్దుకుంటుంది.

ఆ జవాబు పక్కన ఎవరో పెన్సిలుతో రాశారు: సర్దుకోలేదు.

దాని కింద వేరే చేతిరాత: నాకూ అంతే.

ఇంకా కింద, ఆకుపచ్చ సిరాతో: మజ్జిగా పనిచెయ్యలేదు!

నవనీత పకపకా నవ్వింది. కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. ముక్కూమొహం తెలియని ఆ ఆడవాళ్లంతా వచ్చి తన బల్ల చుట్టూ కూర్చున్నట్టు పట్టరాని సంతోషం కలిగింది. గుమాస్తా అటు నుంచి గట్టిగా దగ్గాడు.

“అంశం మార్చనండీ,” అంది, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని.

దమయంతిగారు మూలనున్న అలమరా వైపు చూశారు.

“ఇంకా అన్ని సంపుటాలున్నాయి అమ్మాయ్. నవ్వు వాటిక్కూడా కాస్త దాచుకో.”