పైన నూట ఎనభై, కింద నూట పది

తెలివంటూ ఒకటుంటే అది తమ గడప దాటి బయటికి పోలేదని దర్జీ ఎల్లమంద ఇంట్లో ముగ్గురికీ గట్టి నమ్మకం. ముగ్గురంటే ఎల్లమంద, అతని భార్య సుబ్బరత్తమ్మ, తమ్ముడు పేరయ్య. లోకమంతా చెప్పిన మాట సగం విని సగం వదిలేస్తుందని, తాము మాత్రం అక్షరం పొల్లుపోకుండా చేస్తామని వాళ్ళ గొప్ప. ఒకాయన చొక్కాకి చేతులు వదులుగా ఉండాలంటే, ఎల్లమంద చేతుల్ని చొక్కాకి కుట్టకుండా విడిగా వదిలేసి ఇచ్చాడు.

ఆ సోమవారం పొద్దున మేడమీద కొట్లో సూదికి దారం ఎక్కిస్తున్నాడు ఎల్లమంద. ఉన్నట్టుండి కుడికన్ను ముందు నల్లగా ఏదో దిగిపోయింది. నొప్పి లేదు, మంట లేదు. ఎడమకన్ను మూస్తే అంతా చీకటి. కంటికి తెర అడ్డమొచ్చిందిరా అన్నాడు తమ్ముడితో. అంతే, పేరయ్య ఇంట్లో ఉన్న కర్టెన్లన్నీ పీకి పారేశాడు. ఆఖరిది ఊడేసరికి అన్నకి చూపు తిరిగొచ్చింది. వైద్యం కుదిరిందని ముగ్గురూ కాఫీ తాగారు.

జాకెట్టు కోసం వచ్చిన అరుంధతి టీచరు ఈ సంగతి విని హడలిపోయింది. చూపొచ్చింది కదా అని ఊరుకోకూడదు, మెదడుకి పోయే రక్తం ఎక్కడో అడ్డుపడుతోందేమో, పక్షవాతం వచ్చేముందు ఒక్కోసారి కంట్లోనే తెలుస్తుంది, ఇప్పుడే వీధి చివర కంటి డాక్టర్ని చూసి రండి అని కోప్పడింది. ఇంకేముంది, ముగ్గురూ వెళ్ళారు. కిటికీలోంచి డాక్టరమ్మని నిదానంగా చూశారు. వచ్చేశారు.

"చూశాం టీచరుగారూ, మనిషి బాగానే ఉంది" అన్నాడు పేరయ్య.

టీచరు నెత్తి కొట్టుకుని ఈసారి తనే వెంటబెట్టుకుని వెళ్ళింది.

డాక్టరమ్మ కంట్లో చుక్కలు వేసి, లైటు పెట్టి, లోపలి రక్తనాళాలన్నీ చూసింది. బీపీ చూసింది. పైన నూట ఎనభై, కింద నూట పది ఉందంది. జబ్బు కంటిది కాదు, కన్ను ముందుగా చెప్పిందంతే, ఆలస్యం చెయ్యకుండా టౌన్లో పెద్దాసుపత్రికి వెళ్ళమని చీటీ రాసింది. ఈలోగా ముఖం ఒక పక్కకి జారినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా ఒక్క నిమిషం కూడా పోగొట్టొద్దని మరీ మరీ చెప్పింది.

టీచరు కారు మాట్లాడటానికి పరిగెత్తింది. వీళ్ళు బట్టలు సర్దుకోవడానికి ఇంటికొచ్చారు. దారిలో పేరయ్య లెక్క కట్టాడు. పైన మేడమీద నూట ఎనభై. కింద ఇంట్లో నూట పది. ఒక్క అంతస్తు దిగితేనే డెబ్భై తగ్గింది. ఇంకో అంతస్తు దిగితే నలభై. ఇంకో అంతస్తు ఎక్కడుంది? పెరట్లో మరుగుదొడ్డి కోసం కొత్తగా తవ్విన గొయ్యి ఉంది.

అంతే, నిచ్చెన వేసి ఎల్లమందని గోతిలోకి దింపారు. ముఖం జారకుండా సుబ్బరత్తమ్మ గడ్డం కిందనుంచి నెత్తిమీదికి తువ్వాలు బిగించి కట్టింది. చెయ్యి పడినా దెబ్బ తగలకుండా ఒళ్ళో దూది బుట్ట పెట్టింది. నిమిషాలు పోతాయేమోనని గోడగడియారం తీసి చంకలో పెట్టుకుంది.

గోతిలో చల్లగానే ఉంది. బీపీ దిగుతున్నట్టే ఉందని ఎల్లమంద సంబరపడుతుండగా ఎడమచెయ్యి బరువెక్కింది. ఎత్తబోతే లేవలేదు. జారి దూదిలో పడింది. సుబ్బరత్తా అని పిలవబోయాడు. పాతికేళ్ళుగా పిలుస్తున్న పేరు. నోట్లో గుడ్డలు కుక్కినట్టు ఏదో శబ్దం వచ్చింది తప్ప ఆ పేరు రాలేదు. అప్పుడు భయమేసింది ఎల్లమందకి. తన సంగతికంటే, తను లేకపోతే వాళ్ళిద్దరూ ఎలా బతుకుతారోనని మరీ భయమేసింది.

పేరయ్య గోతిలోకి దూకి బుట్టంతా వెతికాడు.

"పడిపోయింది గానీ ఊడలేదు వదినా."

ఆ మాట వినగానే సుబ్బరత్తమ్మ గడియారంలోంచి బ్యాటరీ లాగేసింది. ఇక ఒక్క నిమిషం కూడా పోదు. టీచరు కారుతో వచ్చి, గోతిలో మనిషిని చూసి, ఎందుకని అడగటానికి కూడా ఆగకుండా పక్కవాళ్ళని కేకేసి పైకి లాగించింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ఎన్నింటికి మొదలైందని. సుబ్బరత్తమ్మ గడియారం బల్లమీద పెట్టింది.

"పదకొండూ పది. ఒక్క నిమిషం కూడా పోలేదు బాబూ, అన్నీ ఇందులోనే ఉన్నాయి."

డాక్టరు తన వాచీ చూసుకున్నాడు. ఇంకా గంట కూడా కాలేదు. పరుగున స్కానింగు తీయించి, మెదడులో రక్తపు గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చాడు. సాయంత్రానికి ఎల్లమంద వేళ్ళు కదిలాయి. మర్నాటికి సుబ్బరత్త అన్న పేరు వంకరగానైనా నోట్లోంచి వచ్చింది. ఆవిడ ఆ పేరు పదిసార్లు పిలిపించుకుంది.

ఆరోరోజు ఇంటికి పంపిస్తూ, మాత్రలు మానొద్దనీ, ఇకమీదట ఈయన్ని కళ్ళల్లో పెట్టుకుని చూసుకోమనీ చెప్పాడు డాక్టరు. వదినా మరుదులు చాలాసేపు ఆలోచించారు. అంత మనిషి కంట్లో పట్టడు కదా. పేరయ్య వెళ్ళి అన్న పాస్‌పోర్టు ఫొటోలు నాలుగు తెచ్చాడు. తన కళ్ళజోడుకి రెండు, వదిన కళ్ళజోడుకి రెండు జిగురుపెట్టి అంటించాడు. ఇంకేముంది, ఎటు చూసినా ఎల్లమందే.

అలా తడుముకుంటూ వచ్చి, ఆసుపత్రి గుమ్మం దగ్గర దొరికిన చెయ్యి పట్టుకుని, మెల్లగా నడిపించి ఆటో ఎక్కించారు. ఆ చెయ్యి వాచ్‌మన్‌ది. నేను కాదమ్మా, నేను కాదమ్మా అని అతను మొత్తుకుంటుంటే, మాట ఇంకా తేడాగానే ఉంది, మాత్రలు వేసుకుంటే సర్దుకుంటుందిలే అని సుబ్బరత్తమ్మ వీపు నిమిరింది. ఆటో వెళ్ళిపోయింది.

బెంచీమీద కూర్చున్న ఎల్లమంద ఇదంతా చూశాడు. తనని ఎంత పదిలంగా తీసుకెళుతున్నారోనని కళ్ళు చెమర్చాయి. నర్సు వచ్చి, మీవాళ్ళు ఇంకా రాలేదా అని అడిగింది.

"వచ్చారు తల్లీ, ఇప్పుడే నన్ను ఆటోలో ఇంటికి తీసుకెళ్ళారు" అని మందుల సంచీ ఆమె చేతిలో పెట్టాడు. "మాత్రలు మర్చిపోయారు. కాస్త వెనకాల పరిగెత్తి నాకిచ్చి రా."