ఏడో లెవెల్, కుడి పక్క

అంకతి రాజలింగం సారుకు కోపం వస్తే గొంతు పెరగదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెడతాడు, అంతే. ఆ తర్వాత బొగ్గుబాయిల ఊళ్లోని మా కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. ఆయన దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను గనక చెబుతున్నాను, అరిచే గురువే నయం.

ఆ రోజు ఆయనకు కోపం తెప్పించింది మా విద్యార్థిని జాడి స్వరూప. తెలివైన పిల్ల, అందులో సందేహం లేదు. బాయిలో కొత్తగా తెరిచే భాగంలో ఏ మూలకు ఎంత గాలి అందుతుందో లెక్కగట్టే పని మాకు అప్పగించారు. పెద్ద లెక్క కాబట్టి ఎనిమిది కంప్యూటర్లు పంచుకుని చేస్తాయి. ఒకదాని మెమరీలోకి ఇంకొకటి తొంగిచూడలేదు, దేని వాటా అది చేసుకుని మిగతావాటికి కబురు పంపాలి. ఆ కబుర్లు పంపే ప్రోగ్రాం స్వరూప రాసింది. సాయంత్రానికి లెక్క బాయికి చేరాలి, మర్నాడు పొద్దుటి షిఫ్టు దాన్ని నమ్ముకునే లోపలికి దిగుతుంది. తీరా చూస్తే మూడో కంప్యూటర్ ఒక మూలలో గాలి పుష్కలంగా ఉందంటోంది. ఆ మూలకు గాలి పోయే దారే లేదని మ్యాపు చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

తప్పు నేనే పట్టుకున్నాను. స్వరూప తన అంకె మెమరీలో ఏ చోట ఉందో, ఆ చోటు అడ్రసును యంత్రాన్ని అడిగి పద్ధతిగానే తీసుకుంది. తీసుకుని, అక్కడున్న అంకెను పంపాల్సింది పోయి ఆ అడ్రసునే పంపింది. మూడో కంప్యూటర్ అదే అడ్రసును తన మెమరీలో వెతికి, అక్కడ పడి ఉన్న తన పాత అంకెను అందుకుంది. ఎవరి మెమరీ వాళ్లది, ఎవరి అడ్రసులు వాళ్లవి. ఈ మాట చెప్పగానే ఒప్పుకుంటే ఆమె స్వరూప ఎందుకవుతుంది? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, లోపం మూడో కంప్యూటర్‌లోనే ఉందని నా మీదికి లేచి, నేరుగా సారు ముందుకు వెళ్లి నిలబడింది.

“సార్, నేను పంపిన అడ్రస్ కరెక్టే. పదిసార్లు చెక్ చేసిన. దారిల ఒక్క అంకె గూడ మారలే. మరి తప్పు నాదెట్లయితది?”

సారు కళ్లద్దాలు బల్ల మీద పెట్టాడు. ప్రోగ్రాం వైపు చూడనేలేదు. ముప్పై ఎనిమిదేళ్ల కింది సంగతి ఒకటి ఎత్తుకున్నాడు.

అప్పట్లో ఆయన ఒకటో నంబరు బాయి పైన టెలిఫోను డ్యూటీ చేసేవాడు. ఒకనాడు మొదటి షిఫ్టులో లోపల కప్పు కూలి దారి మూసుకుపోయింది. బండారి ఓదెలు అనే కార్మికుడు అవతల చిక్కుకున్నాడు. ఓదెలు పక్కనే ఉన్న ఫోను అదృష్టం కొద్దీ ఇంకా పనిచేస్తోంది. “ఏడో లెవెల్, కుడి పక్క, మూడో మూల కాడున్న. దెబ్బ తాకలే. గాలే సరిపోతలేదు, జల్ది రాండ్రి” అన్నాడు. అంతలో లైను తెగిపోయింది. లెవెళ్లంటే బాయి కిందికి దిగేకొద్దీ అడ్డంగా తవ్వుకుంటూ పోయే దారులు, పై నుంచి వరస నంబర్లు ఉంటాయి.

ఇటు నుంచి దారి లేదు. రెండో నంబరు బాయి లోలోపల దీనితో కలుస్తుంది కాబట్టి అటు నుంచి పోవాలి. రాజలింగం వెంటనే అక్కడికి ఫోను చేసి, ఓదెలు మాటలను ఉన్నదున్నట్టు రిజిస్టరులో రాసుకుని, ఉన్నదున్నట్టు చదివి వినిపించాడు. మనుషులు పరుగున దిగారు. కాసేపటికి వాళ్లను నడిపించే ఓవర్‌మన్ లోపల్నుంచి ఫోను చేశాడు.

“ఏడో లెవెల్ కుడి పక్కనే ఉన్నం. ఈడ కప్పు కూలలే, మనిషి లేడు. మంచిగ కనుక్కొని చెప్పు.”

“నేను చెప్పింది కరెక్టే. మీరే సక్కగ చూడుండ్రి” అన్నాడు రాజలింగం.

వాళ్లు మళ్లీ చూశారు. లేడన్నారు. ఈయన రిజిస్టరు మళ్లీ చదివాడు. నీకు చెవుడా అని వాళ్లు, మీకు కళ్లు లేవా అని ఈయన. అవతల మనిషికి ఊపిరి అందడం లేదు, ఇవతల వీళ్లు మాటకు మాట అప్పజెప్పుకుంటున్నారు. గంట గడిచింది. రెండు బాయిల్లోనూ పనిచేసిన పోశం అనే ముసలి కార్మికుడు రెండో షిఫ్టుకు వచ్చి, ఆ కేకలు విని నెత్తి కొట్టుకున్నాడు. రెండో బాయి మొగ, అంటే లోపలికి దిగే నోరు, ఇంకా ఎగువన ఉంది, వాళ్లు లెవెళ్లను తమ మొగ నుంచి లెక్కపెట్టుకుంటారు. ఇక్కడి ఏడు వాళ్లకు పదకొండు.

పదకొండో లెవెల్‌కు చేరేసరికి ఓదెలు బొగ్గుగోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్లింకా వెచ్చగానే ఉందట. ప్రాణం లేదు.

విచారణ జరిగింది. ఓదెలు చెప్పింది నిజం. రాజలింగం పంపింది నిజం, రిజిస్టరే సాక్ష్యం. ఓవర్‌మన్ చెప్పిన చోటికే వెళ్లాడు. కాబట్టి ఎవరి తప్పూ లేదని రాశారు. మనిషి పోయాడు, తప్పు మాత్రం ఎవరిదీ కాదట! ఇలాంటి కాగితాలు రాసిన చేతులను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కాని సారు కోపం వాళ్ల మీద కాదు. ఆ కాగితం చేతికి రాగానే తాను గుండె నిండా ఊపిరి పీల్చుకున్నానని ఆయనే చెప్పాడు.

ఆఫీసు బయట ఓదెలు భార్య కొమురమ్మ కూర్చుని ఉంది. రాజలింగం తనంతట తానే ఆమె దగ్గరికి పోయి, “అక్కా, నేనైతే ఒక్క అక్షరం తప్పు చెప్పలే” అన్నాడు.

ఆమె ఏడవలేదు. తల ఎత్తి చూసి అడిగింది. “అందరు కరెక్టే చెప్పిన్రు గద తమ్మీ. మరి నా మొగడేడి?”

సారు అక్కడితో ఆపేశాడు. “ఆమెకేం చెప్పిన్రు సార్?” అంది స్వరూప.

“ఏం చెప్త?” అన్నాడు సారు. “రేపు దిగెటోళ్ల ఇండ్లల్ల గూడ అడిగెటోళ్లున్నరు. పో, పోయి లెక్క సరిజెయ్.”