బూరెలాంటి ఎర్రకణానికి సొట్ట ఎలా పడింది

ఒకప్పుడు ఎర్ర రక్తకణం బూరెలా గుండ్రంగా, బొద్దుగా ఉండేది. ఇప్పుడు చిల్లు సగంలో వదిలేసిన గారెలా ఉంటుందే, ఆ సొట్ట అప్పట్లో లేదు. వెనక బెంచీవాళ్ళు నవ్వడం ఆపి వినండి. మీ ఒంట్లో సంగతే చెబుతున్నాను.

ఆ రోజుల్లో ఎర్రమ్మ అని ఒక ఎర్రకణం ఉండేది. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ ఎక్కించుకుని ఒళ్ళంతా పంచిపెట్టడం ఆమె పని. మిగతా కణాల్లో ఉన్నట్టే ఆమె లోపలా ఒక కేంద్రకం ఉండేది. కేంద్రకం తాతగారంటే మాటలా? కణం ఎలా బతకాలో, ఏది చెడితే ఎలా బాగుచేసుకోవాలో రాసిపెట్టిన పుస్తకాలన్నీ ఆయన దగ్గరే ఉండేవి. వాటిని ఒళ్ళో పెట్టుకుని నట్టనడుమ బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. ఆయన చుట్టూ మిగిలిన కాస్త చోటులోనే ఎర్రమ్మ ఆక్సిజన్ సర్దుకోవాలి.

పైగా ఆయనకో పట్టింపు. గుండె దగ్గర బయల్దేరుతూ ఎర్రమ్మ తొందరలో "వెళ్తున్నా" అందో, అయిపోయిందే.

"ఆ అపశకునపు మాటేమిటమ్మాయ్? వెళ్ళొస్తా అను."

ఆమె ఆగి, వెనక్కి తిరిగి, గుండెతో "వెళ్ళొస్తా" అని చెప్పేదాకా కదలనిచ్చేవారు కాదు. ఈలోగా వెనక వచ్చే కణాలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని గోల పెట్టేవి.

ఒకరోజు కాలి చిటికెనవేలి నుంచి కబురొచ్చింది. ఆ ఒంటి యజమాని బిగుతు బూట్లు వేసుకున్నాడట.

"అక్కా, ఊపిరాడట్లేదు. తిమ్మిరెక్కి నీలంగా అయిపోయాను. నువ్వు రాకపోతే నేనుండను."

ఎర్రమ్మ పరుగెత్తింది. తీరా వెళ్ళాక, వేలిలోకి దారితీసే రక్తనాళం వెంట్రుక కన్నా సన్నటి సందు. అందులో తల దూర్చింది, నడుము దగ్గర ఇరుక్కుపోయింది.

"తాతగారూ, కాస్త పక్కకి జరుగుతారా?"

"ఎటు జరగనమ్మా? అన్ని పక్కలా నేనే ఉన్నానుగా."

"పోనీ, ఆ పుస్తకాలైనా కాస్త మడవండి."

"మడిచే పెట్టాను. విప్పితే నీలో పట్టవు."

అంతలో వేలి గొంతు వినిపించడం మానేసింది. ఎర్రమ్మకి నిజంగా భయమేసింది.

"అమ్మాయ్, నన్నిక్కడ దింపెయ్" అన్నారు తాతగారు చివరికి.

"మీరు దిగిపోతే నాకేదైనా చెడినప్పుడు బాగుచేసేదెవరు?"

"ఎవరూ ఉండరు. నాలుగు నెలలు బతుకుతావేమో, అంతే. నేనుంటే మాత్రం ఆ వేలు ఇవాళ గడవదు."

ఎర్రమ్మ ఏడుస్తూనే పక్కకి తిరిగింది. తాతగారు పుస్తకాలు చంకన పెట్టుకుని పక్కనున్న ఎముక అరుగు మీద దిగారు.

"వెళ్తున్నానమ్మా" అన్నారు.

ఆయన మాట దిద్దుదామనుకుంది ఎర్రమ్మ. టైము లేదు.

ఆయన లేచిన చోట ఒళ్ళు లోపలికి నొక్కుకుపోయింది. ఆ సొట్ట దగ్గర మడతపడి ఎర్రమ్మ సందులోంచి సర్రున జారింది. చిటికెనవేలు ఆక్సిజన్ గటగటా తాగి, ఎర్రబడి, కళ్ళు తెరిచింది.

"ఇంత ఆలస్యమా అక్కా?" అని దెబ్బలాటకి దిగింది.

అప్పటినుంచే మన ఎర్రకణాలు తాము పుట్టిన ఎముకలోనే తాతగారిని దింపేసి మరీ బయల్దేరుతున్నాయి. ఆయన కూర్చున్న చోటే ఆ సొట్ట. కప్పలో, కోడిలో మాత్రం ఆయన ఇంకా దర్జాగా కూర్చునే ఉన్నారు, మైక్రోస్కోపులో చూసుకోండి. మన ఎర్రకణం నిమిషానికోసారి గుండె దగ్గరికి తిరిగొచ్చి, ఎవరూ గుర్తు చేయకుండానే "వెళ్ళొస్తా" అని చెప్పి పోతుంది. నాలుగు నెలలకి, ఇక ఒళ్ళు అరిగిపోయాక, ఆ చివరిసారి మాత్రం "వెళ్తున్నా" అంటుంది.