పక్కీరప్ప నడుము, సత్తార్ మోకాలు

సత్తార్ ఏ పనీ సగంలో వదిలేవాడు కాదు. అయినా దూదేకుల పక్కీరప్ప నడుంనొప్పి అతని చేతికి లొంగలేదు.

ఆ ఊరి కొండమీద జమాల్ షా అనే ఫకీరు ఉండేవాడు. నడుము పట్టేసినవాళ్లు, కీళ్లు బిగుసుకున్నవాళ్లు ఆయన దగ్గరికి వచ్చేవారు. మెట్లు ఎక్కలేనివాళ్ల ఇళ్లకు ఆయన తన శిష్యుడు సత్తార్‌ను పంపేవాడు.

పక్కీరప్ప పరుపు ఎత్తబోయి కూలబడి రెండు నెలలైంది. మొదటిరోజే సత్తార్ అన్నీ అడిగాడు. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, జ్వరముందా, మూత్రం సరిగా వస్తోందా? భయపడాల్సిందేమీ కనిపించలేదు. కాపడం పెట్టి నూనె రాశాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే వెళ్లేవాడు. పక్కీరప్పను నిలబెట్టి ముందుకు వంగమనేవాడు. ముడులు వేసిన తాడుతో అతని వేళ్లకూ నేలకూ మధ్య దూరం కొలిచేవాడు. నొప్పి నిన్నటికంటే ఎక్కువా తక్కువా, ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పాకుతోంది, అని అడిగేవాడు. వెళ్లేముందు "వంగేటప్పుడు జాగ్రత్త అన్నా" అని తప్పకుండా చెప్పేవాడు.

మొదటివారం ఆ దూరం మూడు ముడులు. ఇప్పుడు ఐదు.

పక్కీరప్ప దూది ఏకే విల్లు దూలానికి అట్లాగే వేలాడుతోంది. చలికాలం దగ్గరపడింది. ఊళ్లలో పరుపులు విప్పి దూది ఏకించుకునే రోజులు.

ఒక శనివారం పక్కీరప్ప భార్య హుసేనమ్మ గుమ్మంలోనే అంది: "వచ్చే శుక్రవారం మా అక్క కొడుకు వచ్చి విల్లు కొనుక్కుపోతాడంట సత్తారూ. ఇచ్చేస్తాం. ఈయనకు నడుము తప్ప వేరే మాట లేదు. నువ్వొచ్చే యాళకు జవాబులు సిద్ధం చేసుకోని కూచుంటాడు."

"అడిగినోనికి చెప్పొద్దా మరి?" అన్నాడు పక్కీరప్ప మంచం మీంచి. "ఈ పొద్దు ఎడమపక్క గూడా గుంజుతాంది సత్తారూ. రా, కొలువు."

సత్తార్ కొలిచి, కొండ ఎక్కి గురువు ముందు నిలబడ్డాడు.

"హజరత్, నేను అడగనిది లేదు, కొలవనిది లేదు. ఎక్కడ తప్పు చేశాను?"

జమాల్ షా మేకకు ఆకు వేస్తున్నాడు. "మొదటిరోజు అడిగింది బాగా అడిగావు" అన్నాడు. మిగిలిన ఆకు కూడా వేసి, "నీ ఎడమ మోకాలు ఎట్లుంది?" అన్నాడు.

"బాగుంది హజరత్."

అన్నం తినేటప్పుడు మళ్లీ అడిగాడు. సాయంత్రం నమాజుకు ముందు అడిగాడు. ఆదివారం సత్తార్ నీళ్లకు బయల్దేరితే, "మెల్లగా దిగు. ఆ మోకాలు జాగ్రత్త" అన్నాడు. సోమవారం దగ్గరికి పిలిచి, మోకాలిని రెండుసార్లు వంచి చూసి వదిలేశాడు.

మంగళవారం సత్తార్ గోడ పట్టుకుని కూర్చున్నాడు.

బుధవారం గురువు అడగకముందే చెప్పాడు: "మెట్లు దిగేటప్పుడు లోపల కలుక్కుమంటోంది హజరత్. నిజంగానే నొప్పి."

"నిజమే. ఎప్పటినుంచి?"

"మీరు అడిగిన..."

జమాల్ షా ఆ మాట పూర్తి చేయమని అడగలేదు. సత్తార్ భుజం మీది ముడుల తాడు తీసి కొక్కేనికి తగిలించాడు.

"వచ్చినవాళ్లు పడుకునే పరుపు గడ్డలు కట్టింది. రేపు పక్కీరప్ప ఇంటికి తీసుకుపో."

"ఆయన ఏకలేడు కదా?"

"నువ్వు ఏకు."

గురువారం సత్తార్ పరుపు మోసుకెళ్లి పక్కీరప్ప ఇంట్లో విప్పాడు. పక్కీరప్ప మంచం మీద లేచి కూర్చుని, రోజూలాగే కొలతకు వంగడానికి సిద్ధంగా ఉన్నాడు. సత్తార్ అతన్ని పలకరించి విల్లు అందుకున్నాడు. కొయ్యతో నారి మీద ఒక్కటి వేశాడు. దూది ఎగిరి అతని గడ్డానికే అంటుకుంది. హుసేనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకోటి వేశాడు. నారి వెళ్లి దూది గడ్డలో చిక్కుకుంది.

"అయ్యో, లాగొద్దప్పా! నారి తెగుతుంది!" అని పక్కీరప్ప అరిచాడు. "అది విల్లనుకున్నావా, గడ్డపార అనుకున్నావా? తగిలీ తగలనట్టు ఉండాల."

"ఎట్లన్నా?"

"ఎట్లా అంటే నోటితో చెప్పేదా అది? జరుగు."

మంచం కోడు పట్టుకుని లేచాడు. ఒక చేయి నడుం మీద ఉంచుకునే వచ్చాడు. విల్లు పట్టడానికి ఆ చేయి కావాల్సి వచ్చింది. నారి మోగింది. ఒకసారి మొహం చిట్లించి ఆగాడు, మళ్లీ కొట్టాడు.

హుసేనమ్మ ఏదో అడగబోయింది. సత్తార్ ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

గుప్పెడు దూది పొగలా విచ్చుకుంది. పక్కీరప్ప చెమట తుడుచుకుని మంచం మీద కూర్చున్నాడు.

"మిగతాది ముట్టుకోవద్దు. రేపు రెండు గుప్పెళ్లు చేస్తా. నీకిస్తే పరుపు పాడుచేస్తావు."

"రేపు శుక్రవారం" అంది హుసేనమ్మ.

"అయితే ఏం? మీ అక్క కొడుకు వస్తే కూచోబెట్టి దూది గడ్డలు విడదీయించు. పని నేర్చుకుంటాడు."

సత్తార్ తిరిగి వచ్చేసరికి జమాల్ షా పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. శిష్యుడి గడ్డంలో దూది చూశాడు.

"పక్కీరప్ప నొప్పి ఎట్లుంది?"

"అడగలేదు హజరత్. గుప్పెడు ఏకాడు. రేపు రెండంటున్నాడు."

గురువు తల ఊపాడు. "నీ మోకాలు?"

సత్తార్ వెనక్కి తిరిగి, తాను ఎక్కడా ఆగకుండా ఎక్కి వచ్చిన మెట్లవైపు చూశాడు.