రాహేలమ్మ పాట

కాలువల మీద పడవలే బళ్లయి తిరిగిన రోజుల మాట. ఊకొట్టేవాళ్లు ఊకొట్టండి, చెబుతాను.

కాలువ ఒడ్డున ఒక ఊళ్లో గెర్షోము అనే కవి ఉండేవాడు. కందాలూ సీసాలూ ఆయన నోట్లో ఆడేవి. ప్రభువు మీది భక్తితో 'ఒలీవ కొమ్మ' అని నెలకో పత్రిక తెచ్చేవాడు. రాసేదీ ఆయనే, దిద్దేదీ ఆయనే, అచ్చువేసేదీ ఆయనే.

కాలువకు దిగువన ఒక పేటలో రాహేలమ్మ ఉండేది. నాట్లేసే కూలిమనిషి. ఆవిడకు పాట వచ్చు, అక్షరం రాదు.

ఒకరోజు రాహేలమ్మ పడవెక్కి వచ్చి గెర్షోము గుమ్మంలో నిలబడింది.

"అయ్యగారూ, నాకో పాట వచ్చింది. అచ్చేయండి" అని ఎత్తుకుంది.

"నడుం వంచినాడమ్మా నా సామి, నాతో నారు పట్టినాడమ్మా నా సామి..."

గెర్షోము ఉలిక్కిపడ్డాడు. "ప్రభువును బురదలోకి దింపుతావా? మార్చుకుని రా."

రెండోసారి వచ్చింది. అదే పాట. "గణాలు లేవు, యతి లేదు. మార్చుకుని రా" అన్నాడు.

మూడోసారి వచ్చింది. "మార్చబోతే పాటే పోతందయ్యా. మీరే ఏదో ఒకటి చేసి వెయ్యండి" అంది. పాట వచ్చు, అక్షరం రాదు. ఏం చేస్తుంది?

గెర్షోము కూర్చుని దిద్దాడు. బురద తీసేశాడు. సింహాసనం వేశాడు. రాగం మాత్రం ఆవిడదే ఉంచాడు. 'మాటలన్నీ నావే కదా' అనుకుని కింద తన పేరు వేసుకున్నాడు. అచ్చయిన ప్రతి ఒకటి పడవవాడి చేత ఆవిడకు పంపాడు.

ఆ పాట చర్చి చర్చికీ పాకింది. "ఎంత భక్తండీ మీది!" అన్నారు జనం. ఆయన కాదనలేదు.

ఏడాది తిరిగింది. ఒక పొద్దున పడవవాడు వచ్చి చెప్పాడు. "రాహేలమ్మ జ్వరంతో పోయిందండీ. ప్రార్థన మీరే చెయ్యాలని కోరుకుందంట."

ఆయన వెళ్లాడు. శవపేటిక తెరిచి ఉంది. రాహేలమ్మ చేతుల్లో ఆ పాట ఉన్న 'ఒలీవ కొమ్మ' ఉంది.

కూతురు ఎస్తేరు కళ్లు తుడుచుకుంది. "మా పేటలో చదువొచ్చినోళ్లు లేరు అయ్యగారూ. పాట కింద ఉండేది రాసినోళ్ల పేరని అమ్మకు ఎవరో చెప్పారు. ఇదిగో, ఇక్కడ వేలు పెట్టి, 'నా పేరే నా పేరే' అని ఊరంతా చూపించుకుంది."

గెర్షోము వంగి చూశాడు. వేలి రాపిడికి ఆ అక్షరాలు సగం చెరిగిపోయాయి. అవి ఆయన పేరులోని అక్షరాలు.

  అంతలో పేట ఆడవాళ్లు పాట అందుకున్నారు. నడుం వంచినాడమ్మా నా సామి. సింహాసనం లేదు. ఆయన రాసిన మాట ఒక్కటీ లేదు.

పాట అయింది. ప్రార్థన కోసం అందరూ ఆయన వైపు చూశారు.

"అమ్మా ఎస్తేరూ," అన్నాడు, "ఆ పేరు మీ అమ్మది కాదు. నాది."

 ఎస్తేరు శవపేటిక మీదికి వంగింది. తల్లి వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి పత్రిక బయటికి తీసింది.

"అయితే ఇది అమ్మతో పోకూడదు" అని ఆయన చేతిలో పెట్టింది.

ఆయన పడవలో తిరిగొచ్చాడు.  నేరుగా అచ్చుయంత్రం దగ్గరికి వెళ్లాడు. సంగతి తెలిసి చర్చి పెద్దలు అడ్డం పడ్డారు. "నీ పరువు పోతుంది, మా పరువూ పోతుంది" అన్నారు.

"పోనివ్వండి" అన్నాడు గెర్షోము.

ఆ నెల పత్రిక చూసి జనం నోళ్లు తెరిచారు. రాహేలమ్మ పాడింది పాడినట్టే ఉంది. పైన పెద్ద అక్షరాల్లో ఆవిడ పేరుంది. అడుగున ఒకే ఒక్క వాక్యం: "ఈ పాటను నేను దొంగిలించాను. గెర్షోము."

చందాదారులు సగం మంది మానేశారు. ఆయన మాత్రం బతికినన్నాళ్లూ పేట పేటా తిరిగి, పాటలు విని, విన్నవి విన్నట్టే వేశాడు. తన పద్యం మళ్లీ ఒక్కటీ వేసుకోలేదు.

ఆయనా పోయాడు, పత్రికా ఆగిపోయింది. ఆ కాలువ దిగువన మాత్రం ఇప్పటికీ నాట్లలో మొదటి పాట రాహేలమ్మదే. తర్వాత ఎవరు ఏ పాట ఎత్తుకున్నా పక్కవాళ్లు, "ఎవరిదమ్మా పాట?" అని అడుగుతారు. కట్టిన మనిషి పేరు చెప్పాలి. చెప్పాకే గొంతు కలుపుతారు.